నూరు శాతం నిండి ఖాళీ అయిపోయే ఫారం

ఒడిశాలోని గుణుపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే పాఠకుడొకరు పంపిన ప్రశ్న ఇది. కుల ధ్రువపత్రం ముందు వైపూ వెనక వైపూ ఫోన్‌తో ఫోటో తీసి ఒకే ఫారంలో పెడితే, అప్‌లోడ్ గీత నూరు శాతం దాకా నిండుతుంది. ఆ మరుక్షణం పేరూ ఊరూ అన్నీ చెరిగిపోయి ఖాళీ ఫారం తిరిగొస్తుంది. ఒక్క ఫోటో పెడితే మాత్రం శుభ్రంగా వెళ్తుంది. అందుకే "రెండూ కలిపి వేస్తే అచ్చిరాదు, రాత్రి పొద్దుపోయాక వెయ్యండి" అని సెంటర్లలో ఒక మాట చెలామణీలో ఉందట. రాత్రికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. రెండూ కలిపి వెయ్యకూడదన్న మాటలో మాత్రం నిజం ఉంది. అదేమిటో తేలాలంటే రెండు ఫోటోలు ఒకే తీగ మీద ఎలా ప్రయాణిస్తాయో చూడాలి.

వెబ్ ఫారంలో ఫైలు పంపే పద్ధతిని 1995లో జిరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ ఇంటర్నెట్ పద్ధతులను వివరించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 1867వ దానిలో ప్రతిపాదించారు. అంతకుముందున్న పద్ధతిలో మామూలు అక్షరమో అంకో కాని ప్రతి బైటునూ (బైటంటే ఫైలులో 0 నుంచి 255 దాకా ఒక సంఖ్యను పట్టే గడి) ఒక శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా రాసి పంపాలి. ఒక బైటు మూడవుతుంది. ఫోటోలాంటి ఫైలు ఆ లెక్కన రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. కొత్త పద్ధతిలో ఫైలు బైట్లు ఉన్నవున్నట్టే వెళ్తాయి, భాగానికీ భాగానికీ మధ్య ఒక సరిహద్దు గుర్తు పడుతుంది.

బరంపురం పట్టు మగ్గం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒకే పడుగు మీద వరసగా చీరలు నేస్తూ, చీరకూ చీరకూ మధ్య కొంత మేర నేయకుండా వదిలేస్తారు. ఎన్ని మూరలకు కోయాలో బట్ట మీద రాసి ఉండదు. ఆ ఖాళీ కనబడిన చోట కోయడమే. అప్‌లోడ్‌లోనూ అంతే. మొత్తం ఎన్ని బైట్లో మొదట్లో ఒక్కసారి చెబుతారు గానీ, ఒక్కో ఫైలు పొడవెంతో ఎక్కడా చెప్పరు. ఫారాన్ని అందుకునే అవతలి కంప్యూటర్, అంటే సర్వర్, చేత్తో తడుముకుంటూ పోయి ఖాళీ తగిలిన చోట కోసుకోవాలి.

క్రోమ్ బ్రౌజర్ ఈ గుర్తును ఇలా తయారుచేస్తుంది: నాలుగు అడ్డగీతలు, 'వెబ్‌కిట్ ఫార్మ్ బౌండరీ' అనే 18 ఇంగ్లీషు అక్షరాలు, ఆపైన యాదృచ్ఛికంగా ఏరిన 16 అక్షరాలు. మొత్తం 38. దానికి ముందు పంక్తి మార్పు సూచించే 13, 10 అనే రెండు బైట్లు, మరో రెండు అడ్డగీతలు కలిస్తే 42 బైట్లు. చిట్టచివరి గుర్తు వెనక ఇంకో రెండు అడ్డగీతలుంటాయి, ఇక పని అయిపోయిందని. మరి నేతలోనే అచ్చం ఖాళీలా కనబడే బుటా ఉంటే? బ్రౌజర్ ఫైలంతా వెతికి చూసుకోదు, సంఖ్యాబలం మీద భారం వేస్తుంది. 62 రకాల అక్షరాలతో 16 స్థానాలు నింపే మార్గాలు దాదాపు 4.8 × 10²⁸.

ఈ గుర్తును పట్టుకోవడంలో చిక్కు సర్వర్ వైపు ఉంది. ఫైలంతా ఒక్కసారి రాదు, 8 కేబీ, 16 కేబీ ముక్కలుగా వస్తుంది. బట్టంతా ఒకేసారి పరచి చూసే వీలు లేదు, కర్రకు చుట్టుకుంటూ వచ్చినంత మేరే కనిపిస్తుంది. ఖాళీ సగం ఈ చుట్టులో, సగం పై చుట్టులో పడితే? 42 బైట్ల గుర్తులో 20 ఈ ముక్క చివర, 22 తర్వాతి ముక్క మొదట వచ్చాయనుకోండి. ఒక్కో ముక్కలో విడివిడిగా వెతికే ప్రోగ్రాం ఆ గుర్తును దాటేస్తుంది. రెండు ఫోటోలు అతుక్కుని ఒకే ఫైలవుతాయి. చిత్రమేమంటే, తెరిచి చూస్తే మొదటి ఫోటో నిక్షేపంగా కనబడుతుంది. ఫోన్ ఫోటోలు మామూలుగా ఉండే జేపెగ్ రకం బొమ్మ 255, 217 అనే బైట్లతో ముగుస్తుంది, చూపించే సాఫ్ట్‌వేర్ అక్కడితో ఆగిపోతుంది. వెనక వైపు ఫోటో ఏమైందో ఎవరికీ అంతుపట్టదు. చిన్న ఫైళ్ళతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు.

మందు ఒకటే: ముక్క చివర గుర్తుకు ఆరంభంలా కనబడే బైట్లను, అవి 41 దాకా ఉన్నా సరే, డిస్కుకు రాయకుండా చేతిలో పట్టుకుని తర్వాతి ముక్క కోసం ఆగాలి. గుర్తు కాదని తేలితే వాటిని మళ్ళీ ఫైలులోకి వదలాలి. ఈ రెండో పని మరిచిపోతే ఫోటోలో అక్కడక్కడా బైట్లు మాయమవుతాయి. 13, 10 జంట ఫోటోలో సగటున 65,536 బైట్లకు ఒకసారి తనంతట తానే వస్తుంది. 4.5 ఎంబీ ఫోటోలో డెబ్బై సార్లకు పైగా సర్వర్ 'ఇదేనా?' అని తడబడి ముందుకు సాగుతుందన్నమాట. ఇంత శ్రమకూ ప్రతిఫలం ఉంది. ఫైలు ఎంత పెద్దదైనా ర్యామ్‌లో కొన్ని కేబీలకు మించి పట్టుకోనక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు తాత్కాలిక ఫైలులోకి పోతుంది.

ఇప్పుడు గుణుపురం సంగతి. అక్కడ ఫారం ఖాళీ కావడానికి కారణం ఈ అతుకు కాదు, పరిమాణపు హద్దు అయి ఉండాలి. ఇలాంటి ఫారాలను అందుకునే ప్రోగ్రాములు రాసే పీహెచ్‌పీ అనే భాషలో రెండు హద్దులుంటాయి. ఒక్కో ఫైలుకు 'అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్', మామూలుగా 2 ఎంబీ. ఫారం మొత్తానికి 'పోస్ట్_మ్యాక్స్_సైజ్', మామూలుగా 8 ఎంబీ. వెబ్‌సైటు నిర్వాహకులు మొదటిదాన్ని 5కు పెంచి రెండోదాన్ని అలాగే వదిలేసి ఉంటారు. 4.5 ఎంబీ ఫోటో ఒకటైతే సాఫీగా వెళ్తుంది. రెండు కలిస్తే 9. మొదటి హద్దు దాటితే ఆ ఫైలు ఒక్కటే తిరస్కరణకు గురవుతుంది, తప్పు సంఖ్య 1 అని చేతికొస్తుంది, మిగతా గడులు భద్రంగా ఉంటాయి. రెండో హద్దు దాటితే పీహెచ్‌పీ ఫైళ్ళతో పాటు పేరు, ఊరు సహా అన్నిటినీ ఖాళీ చేసి ప్రోగ్రాంకు అప్పగిస్తుంది, సర్వర్ చిట్టా అయిన లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. ఎవరూ ఏమీ నింపలేదనుకుని ప్రోగ్రాం కొత్త ఫారం చూపిస్తుంది. నూరు శాతం అన్నది బ్రౌజర్ పంపిన లెక్కే, సర్వర్ ఒప్పుకున్న లెక్క కాదు.

పీహెచ్‌పీకి ముందు, బయటి నుంచి వచ్చేవాటిని మొదట అందుకునే ఇంజిన్‌ఎక్స్ అనే ప్రోగ్రాం ఉంటే మూడో హద్దు కూడా ఉంటుంది, మామూలుగా 1 ఎంబీ. అది దాటితే, పంపింది మరీ పెద్దదని చెప్పే 413 అనే జవాబు. పై నుంచి కిందికి హద్దులు తగ్గుతూ రావాలి: 5 ఎంబీ ఫైళ్ళు రెండు కావాలంటే ఇంజిన్‌ఎక్స్‌కు 13, ఫారానికి 12, ఫైలుకు 5. ఇక ప్రోగ్రాం మొదటి పనిగా, వస్తుందన్న పరిమాణం సున్నా కాకుండా గడులన్నీ ఖాళీగా ఉన్నాయేమో చూసి 'ఫైళ్ళు మరీ పెద్దవి' అని చెప్పాలి. అదే చాలు, ఆ రాత్రి జాగారాలు తప్పుతాయి.

కాలేజీ ల్యాబుల్లో అప్‌లోడ్ అంటే మూడు లైన్లు రాయించి మార్కులు వేసేస్తారు, ఫైలు పేరు చివర 'జేపీజీ' ఉంటే బొమ్మేనని నమ్మమంటారు. ఆ పేరూ, పక్కనుండే రకం వివరమూ పంపినవాళ్ళు చెప్పుకునేవే. మొదటి బైట్లు చూడాలి: జేపెగ్ అయితే 255, 216, 255, పీఎన్‌జీ అనే మరో బొమ్మ రకం అయితే 137, 80, 78, 71. అదీ చాలదు. 4000 × 3000 చుక్కల ఫోటో డిస్కు మీద 4 ఎంబీయే అయినా, చిన్నది చేద్దామని తెరిస్తే చుక్కకు 4 బైట్ల చొప్పున ర్యామ్‌లో 48 మిలియన్ బైట్లు తింటుంది. తెరిచే ముందే కొలతలు చదివి హద్దు పెట్టాలి.

సరిహద్దు జిల్లాల్లో ఇంకో తలనొప్పి ఫైలు పేర్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో సంకేతం (అక్షరమో, గుణింతపు గుర్తో) 3 బైట్లు. లినక్స్ సర్వర్లు వాడే ఈఎక్స్‌టీ4 రకం డిస్కులో పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 సంకేతాలు. 'సర్టిఫికెట్' ఒక్కటే 33 బైట్లు తినేస్తుంది. పైగా, చూపుకు ఒకటే అయిన పేరు లోపల రెండు రకాలుగా ఉండవచ్చు. 'రైతు'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండుగా విడగొట్టీ రాయొచ్చు. 'ఒడిశా'ను ఒడియాలో రాసేటప్పుడు వచ్చే చుక్క కింది డ కూడా అంతే. లిపులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ వాళ్ళ ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో రెంటినీ ఏకరూపం చెయ్యొచ్చు గానీ, అది తెలుగు ఐత్వాన్ని ఒక్కటిగా కలుపుతుంది, ఒడియా డను రెండుగా విడదీస్తుంది! కాబట్టి పేరు పొడవును ఎన్‌ఎఫ్‌సీ చేశాకే కొలవాలి. ఆ పేరును డేటాబేసులో మాత్రమే దాచి, డిస్కు మీద యాదృచ్ఛికంగా పుట్టించిన 32 అక్షరాల పేరు పెట్టాలి. పేరులో రెండు చుక్కలూ ఒక గీతా పెట్టి పై ఫోల్డర్లోకి ఎక్కాలని చూసేవాళ్ళకూ దాంతో దారి మూసుకుపోతుంది. తాత్కాలిక ఫోల్డరూ చివరి ఫోల్డరూ ఒకే డిస్కు భాగంలో ఉంటే చేర్చడమంటే పేరు మార్పే, క్షణం పట్టదు. వేర్వేరు భాగాల్లో ఉంటే మొత్తం నకలు తీయాలి. మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది.