పిల్లల మాస్కు: ముడి వేస్తే సరిపోదు

“పెద్దోళ్ల మాస్కుకే తాడుకు ముడేసి పిల్లగానికి పెడితే సరిపోతది కదా సార్?” హనుమకొండలో పిల్లల మాస్కులు డిజైన్ చేసే నాకు వారానికి ఒక్కసారైనా ఎదురయ్యే ప్రశ్న. సరిపోదు. ముడి వేస్తే చెవి దగ్గర బిగుస్తుంది, బుగ్గ దగ్గర మడతపడి సందు తెరుచుకుంటుంది. పిల్లల ముక్కు దూలం చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ల కొలతతో పెట్టిన తీగ అక్కడ సరిగ్గా కూర్చోదు కూడా. సన్నటి దుమ్మును వడకట్టే ఎన్95 మాస్కు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతం ఆపుతుందన్నది పొర గుండా వెళ్లే గాలి సంగతి. సందులోంచి దూరే గాలిని ఎవరు ఆపుతారు?

మొన్న మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర తొడిమలు తీసే ఒక అక్క ఏడేళ్ల కొడుకును తీసుకొచ్చింది. ముడులేసిన ఎన్95, ఖరీదైనదే. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా కనురెప్పల వెంట్రుకలు అల్లాడుతున్నాయి. మాస్కు తీస్తే లోపలి వైపు, ముక్కుకు రెండు పక్కలా, ఎర్రటి చార. మిర్చి దుమ్ము వచ్చిన దారి అది. “రోజూ పెడ్తనే ఉన్న సార్, అయినా రాత్రంతా దగ్గుతుండు” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు. పనిచోట ఆరోగ్య భద్రత చూసే అమెరికా సంస్థ నియాష్ ఇచ్చే ఎన్95 గుర్తింపు పనిచేసే పెద్దవాళ్ల కోసం, పిల్లలకు లేదు. ‘కిడ్స్ ఎన్95’ అని అచ్చేసి అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు.

పోనీ అదే గుడ్డను చిన్నగా కత్తిరించి కుడితే? వైశాల్యం తగ్గిన కొద్దీ గాలి లాగడం కష్టమవుతుంది. పిల్లల ఊపిరి చిన్నది, వేగం ఎక్కువ. అందుకే మేం మడతలు పెట్టి వైశాల్యం పెంచుతాం, తేలిగ్గా గాలి ఆడే పొర వెతుకుతాం, లోపల ఖాళీ తగ్గిస్తాం, లేదంటే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. పిల్లాడు మాస్కు కిందికి లాగేస్తే అల్లరి అని కొట్టకండి, ఊపిరి ఆడట్లేదేమో చూడండి.

ఇక మిగతావి. మాస్కు పెడితే మెదడుకు ఆక్సిజన్ అందదన్నది ఉత్త వాట్సాప్ పుకారు. ఎన్95ను ఉతికితే పొరలో కణాలను పట్టి ఉంచే విద్యుదావేశం పోతుంది, ఉతకొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు మాస్కు వద్దు. ఆస్తమా ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

ఆ బాబుకు నాలుగో నమూనా కుదిరింది, రెప్పల వెంట్రుకలు కదల్లేదు. అయినా వాళ్లమ్మకు ఒకటే చెప్పాను: అక్కా, మాస్కు ఉంది కదా అని వాణ్ని మిర్చి కుప్ప పక్కన కూర్చోబెట్టకు.