నిద్రలేమికి విడిగా వైద్యం కావాలి

అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో కెరొలిన్ బెడెల్ థామస్ అనే వైద్యురాలు 1940ల చివర్లో ఒక సుదీర్ఘమైన పనికి పూనుకున్నారు. అక్కడ చదువుతున్న వైద్య విద్యార్థుల అలవాట్లన్నీ రాసిపెట్టుకుని, జీవితం పొడుగునా వారిలో ఎవరికి ఏ జబ్బు వస్తుందో గమనించాలన్నది ఆమె ఆలోచన. ఆమె దృష్టి ప్రధానంగా గుండెజబ్బుల మీద, రక్తపోటు మీద. అయితే విద్యార్థులను అడిగిన ప్రశ్నల్లో నిద్రకు సంబంధించినవి కూడా ఉన్నాయి. 1948 నుంచి 1964 వరకు పట్టా పుచ్చుకున్న 1,053 మంది పురుషుల జవాబులను ఆ తర్వాతి వారి ఆరోగ్యంతో పోల్చి చూసిన ఫలితాలు 1997లో వెలువడ్డాయి. దాదాపు 34 ఏళ్ల పరిశీలనలో 101 మందికి కుంగుబాటు (డిప్రెషన్) వ్యాధి వచ్చింది. చదువుకునే రోజుల్లోనే నిద్ర పట్టదని చెప్పినవారికి ఆ ముప్పు మిగతావారితో పోలిస్తే రెట్టింపు. విద్యార్థి దశలో పక్క మీద దొర్లిన రాత్రులకూ, ఆ తర్వాతి ఏళ్లలో కమ్ముకున్న కుంగుబాటుకూ లంకె కనిపించింది.

దిగులుంటే నిద్ర పట్టదని మనకు ఎప్పటినుంచో తెలుసు. సంజయుడు వచ్చి నిష్ఠురమాడి వెళ్లిన రాత్రి ధృతరాష్ట్రుడు కంటి మీద కునుకు లేక విదురుణ్ణి పిలిపించుకున్నాడు. బలవంతుడితో తగవు పెట్టుకున్నవాడికి, సొమ్ము పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకు నిద్ర రాదని విదురుడు చెప్పాడు. దిగులు ముందు, నిద్రలేమి వెనక అన్నమాట. ఆధునిక వైద్యం కూడా చాలాకాలం ఈ వరసనే నమ్మింది. జ్వరం తగ్గితే ఒళ్లు నొప్పులు వాటంతట అవే పోయినట్టు, కుంగుబాటు తగ్గితే నిద్ర కూడా దారికొస్తుందని వైద్యులు భావించేవారు. అందుకే రోగి మొదట చెప్పుకునే బాధ నిద్ర గురించే అయినా, చికిత్సలో దాని వంతు చివరికి వచ్చేది.

ఈ లెక్క పూర్తిగా తప్పు కాదు, సగమే నిజం. కుంగుబాటు నుంచి కోలుకున్నవారిలో చాలామందికి అన్ని లక్షణాలూ తగ్గాక కూడా నిద్రలేమి మిగిలిపోతుంది. అలా మిగిలిపోయినవారికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి సాగిన 21 అధ్యయనాలను కలిపి 2011లో విశ్లేషించినప్పుడు కూడా, కుంగుబాటు లేకుండా నిద్రలేమి మాత్రమే ఉన్నవారికి తర్వాత కుంగుబాటు వచ్చే ముప్పు రెట్టింపని తేలింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధి నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు, అసలు నిద్రలేమి, మరో జబ్బు వల్ల వచ్చిన నిద్రలేమి అన్న పాత విభజనను తీసేసింది. తోడుగా ఏ జబ్బు ఉన్నా సరే, నిద్రలేమి ఇప్పుడు విడిగా గుర్తించవలసిన, విడిగా వైద్యం చేయవలసిన వ్యాధి. నా దృష్టిలో ఇది మాటల మార్పు కాదు, రోగికి దక్కవలసిన న్యాయం.

నిద్ర కొరవడితే మెదడులో ఏమవుతుంది? 2007లో నిద్ర పరిశోధకుడు మాథ్యూ వాకర్ బృందం 26 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులతో ఒక ప్రయోగం చేసింది. కొందరిని సుమారు 35 గంటలు మేలుకొని ఉండమని చెప్పి, ఆ తర్వాత మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి మామూలు బొమ్మల నుంచి మనసును కలచివేసే బొమ్మల వరకు చూపించారు. భయానికీ ఉద్వేగానికీ స్పందించే అమిగ్డలా అనే భాగం, నిద్రపోయినవారి కంటే వీరిలో 60 శాతం ఎక్కువగా చెలరేగింది. దాన్ని అదుపులో ఉంచే నుదుటి వెనకి భాగంతో దాని సంబంధం బలహీనపడింది. నిద్ర చాలని మర్నాడు చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరగడం, పిల్లల మీద విసుక్కోవడం అందరం ఎరిగిందే. అది ఒక్క రాత్రి మాట. నెలల తరబడి సాగితే ఏమవుతుందో ఆలోచించండి.

నిద్రలేమి ముందు వచ్చినంత మాత్రాన కుంగుబాటుకు అదే కారణమని తేలదు. దాన్ని నయం చేసి, మనసు కూడా తేరుకుంటుందో లేదో చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల నుంచి నిద్ర పట్టని 3,755 మంది విద్యార్థులను తీసుకుని, సగం మందికి ఇంటర్నెట్ ద్వారా నిద్రలేమి చికిత్స అందించింది. 2017లో వచ్చిన ఫలితాల్లో వారికి నిద్రతో పాటు కుంగుబాటు, ఆందోళన కూడా కొంత నయమయ్యాయి. ఎవరో తమకు కీడు తలపెడుతున్నారన్న అనుమానాలు, భ్రాంతులు కూడా తగ్గాయి. మధ్యలో మానేసినవారు చాలామంది ఉన్నా ఈ తేడా నిలిచింది. లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ ఇర్విన్ బృందం 60 ఏళ్లు దాటిన 291 మందిని ఎంచుకుంది. అందరికీ నిద్రలేమి ఉంది, కుంగుబాటు లేదు. రెండు నెలల చికిత్స తర్వాత మూడేళ్లు గమనిస్తే, నిద్ర గురించి సాధారణ అవగాహన మాత్రమే కల్పించినవారిలో 25.9 శాతం మందికి కుంగుబాటు వచ్చింది. అసలు చికిత్స పొందినవారిలో 12.2 శాతం మందికే వచ్చింది. కుంగుబాటును రాకముందే ఇంతగా ఆపగలిగే సాధనాలు వైద్యుల చేతిలో బహు తక్కువ.

ఆ చికిత్స నిద్రమాత్ర కాదు. నిద్రలేమికి ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. మొదటి పని రోజూ ఒక కాగితం మీద రాయడం: ఎన్నింటికి పడుకున్నాం, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచాం. ఒకామె రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తోందనుకుందాం. పక్క మీద ఉన్నది ఎనిమిదిన్నర గంటలు, నిద్రపోయింది ఐదున్నర. అంటే 65 శాతం. మనకు తోచే సలహా ఇంకాస్త ముందే పడుకోమని. చికిత్స దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది: పన్నెండున్నర దాకా పక్క ఎక్కవద్దు, ఎలాంటి రాత్రి గడిచినా ఆరింటికి లేవాలి. అప్పటికీ నిద్ర రాకపోతే పక్క దిగి వేరే చోట కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. కానీ మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. నిద్ర సుఖమెరుగదన్న సామెతలోని నిద్ర అదే. పక్క మీది సమయంలో 85 శాతానికి పైగా నిద్రలో గడుస్తుంటే మరో పావుగంట కలుపుతారు, అలా మెల్లగా పెంచుకుంటూ పోతారు. పరుపును చూడగానే బెదిరే మనసు, దాన్ని మళ్లీ నిద్రతో ముడిపెట్టుకుంటుంది.

ఇది ఎవరికి వారు మొదలుపెట్టే పని కాదు. బైపోలార్ జబ్బు (కుంగుబాటు, ఉన్మాదం మార్చిమార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికి నిద్ర తగ్గిస్తే ఉన్మాద దశ మొదలుకావచ్చు, మూర్ఛలున్నవారికి మూర్ఛ రావచ్చు, బండి నడిపేవారికి ప్రమాదం. పైగా నిద్రకూ మనసుకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత సూటిగా లేదు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారిని ఒక రాత్రంతా మేల్కొలిపి ఉంచితే, వారిలో సుమారు సగం మందికి మర్నాడు మనసు తేలికపడుతుందని 1970ల తొలినాళ్లలోనే జర్మనీ వైద్యులు రాశారు. మళ్లీ నిద్రపోయి లేచాక చాలామందికి ఆ బరువు తిరిగివస్తుంది. ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారిది వేరే జబ్బు. పగటి మగత, చిరాకు, నిరుత్సాహం చూసి దాన్ని కుంగుబాటుగా పొరబడడం మామూలే. వారికి ముందు నిద్ర పరీక్ష చేయించాలి. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఉద్యోగులదీ వేరే సమస్య. శరీర గడియారం పగలని చెప్పే వేళ వారు నిద్రపోవాలి.

2016లో అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ చికిత్సే ఇవ్వాలని సిఫార్సు చేసింది. దీనికి యంత్రాలు అక్కర్లేదు, శిక్షణ పొందిన మనిషి, ఒక కాగితం చాలు. ఆ కాగితం తెలుగులో మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దొరకాలని నా కోరిక. ఈలోగా కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టక పగటి పనులు చెడుతుంటే, వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా లెక్కిస్తారు. ఆ మాట వైద్యుడి దగ్గర అన్నిటికన్నా ముందే చెప్పండి.