85 = 38 + 47: క్షయ క్రిమిలోని ఇంటీన్ మీద మళ్ళీ గొడవ ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారం సాయంత్రం ఒక చిన్న సైన్సు సభ జరిగింది. డిగ్రీ విద్యార్థులు గోడకు అంటించిన పోస్టరు మీద ‘ఇంటీన్: క్షయ క్రిమి రహస్యాయుధం’ అని ఎర్రటి అక్షరాలు. ఉపన్యాసానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని మెచ్చుకున్నారు. మూడో వరుసలోని ఒక విశ్రాంత లెక్చరరు లేచి, ఆయుధమేమీ కాదు, మామిడి కొమ్మ మీది బదనిక లాంటిది అన్నారు. వాచ్‌మన్ లైట్లు ఆర్పేదాకా ఇద్దరూ తగ్గలేదట. సోమవారానికి వాదన వాట్సాప్‌కెక్కింది. మంగళవారం పొద్దున్నే, సాయంత్రంలోగా నేపథ్యం రాసిమ్మని నాకు ఫోను వచ్చింది.

1990లో ఈస్టులో ఇంటీన్ అనే ఈ వింత బయటపడిన కథ చాలామంది చెప్పిందే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. కొత్తవారి కోసం ఒక్క మాట. పూలదండలో నడిమి గుత్తి తనను తానే తెంపుకుని, విడిపోయిన రెండు కొసలనూ ముడివేసి పక్కకు జారిపోయిందనుకోండి. ప్రోటీన్‌లో ఆ పని చేసే ముక్క పేరు ఇంటీన్. దీనికి మరో ఎంజైమ్ సాయం అక్కర్లేదు, కణం శక్తినీ ఖర్చు పెట్టించదు. మిగిలిన రెండు కొసలు అతుక్కుని, కణానికి కావలసిన అసలు ప్రోటీన్ తయారవుతుంది.

మన గొడవకు మూలం లండన్‌లో ఉంది. మిల్ హిల్‌లోని వైద్య పరిశోధన సంస్థలో డేవిస్, కోల్‌స్టన్ తదితరులు 1991లో క్షయ క్రిమి రెకా జన్యువును చదివారు. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే ప్రోటీన్ రెకా. మిగతా బాక్టీరియాల్లో అది సుమారు 350 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. ఇక్కడ జన్యువు లెక్క ప్రకారం 790 రావాలి. అంత పొడవు ఎందుకు? ఆ జన్యువును ప్రయోగశాలల్లో వాడే ఇ.కోలై బాక్టీరియాలో పెట్టి చూస్తే, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద మూడు గీతలు కనిపించాయి: 85 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) పూర్తి ప్రోటీన్, 38 దగ్గర అసలు రెకా, 47 దగ్గర బయటపడ్డ ముక్క. పచారీ కొట్టు చిట్టాలో కూడా ఇంత చక్కగా కూడిక కుదరదు. బయటపడ్డ ఆ ముక్కలో 440 అమైనో ఆమ్లాలున్నాయి.

1994లో అదే బృందం కుష్ఠు క్రిమిని చూసింది. అక్కడా రెకాలో ఇంటీన్ ఉంది, కానీ వేరే చోట, వేరే పరిమాణంలో. ఈ రెండు క్రిములూ చేరే మైకోబాక్టీరియా కుటుంబంలో అప్పటికి వారు పరీక్షించిన ఇతర జాతుల్లో అది కనిపించలేదు. రోగం తెచ్చే రెండు క్రిములకూ ఒకే ప్రోటీన్‌లో, వేర్వేరు దారుల్లో ఇంటీన్ చేరిందంటే, దానివల్ల వాటికి ఏదో లాభం ఉండే ఉంటుందని, ప్రకృతి దాన్ని ఎంచుకుందని రాశారు. అప్పటికి అది సహేతుకమైన ఊహే. ఆదివారం పోస్టరు మీది ‘రహస్యాయుధం’ పుట్టిల్లు ఇదే.

ఆ తర్వాతి ఆరేళ్ళను మన ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు. నా దృష్టిలో మొత్తం కథ తిరిగిన మలుపు అక్కడే.

1998లో రెండు బృందాలు విడివిడిగా ఒకే పని చేశాయి. మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ అనే జాతి రెకాలో సహజంగా ఇంటీన్ ఉండదు. దానిలోని రెకాను తీసేసి, ఇంటీన్‌తో కూడిన క్షయ క్రిమి రెకాను ఒకసారి, ఇంటీన్ లేని రెకాను ఒకసారి పెట్టి పోల్చారు. డీఎన్‌ఏ మరమ్మతులో గానీ, డీఎన్‌ఏ ముక్కలు ఒకదానితో ఒకటి మార్చుకునే పునస్సంయోజనంలో గానీ తేడా కనిపించలేదు. ఈ పోలికలో పాల్గొన్న బృందాల్లో ఒకటి డేవిస్, కోల్‌స్టన్‌లదే! నాలుగేళ్ళ కిందట తాము లేవనెత్తిన ఊహను తామే పరీక్షకు పెట్టారు. మన సభల్లో ఇలాంటి దృశ్యం అరుదు.

2000లో ఫ్రెంచి పరిశోధకులు మరిన్ని జాతులను వెదికారు. మైకోబాక్టీరియం ఫ్లావెసెన్స్, ఫాలాక్స్, కిటే వంటి, మనిషికి పెద్దగా రోగం తేని జాతుల రెకాల్లో కూడా ఇంటీన్లు దొరికాయి, అదీ కుష్ఠు క్రిమిలో ఉన్న చోటే. కుళాయి నీళ్ళలో హాయిగా బతికే మైకోబాక్టీరియం గార్డోనెలో, డీఎన్‌ఏ మెలికలను సర్దే గైరేజ్ అనే మరో ప్రోటీన్‌లో ఇంటీన్ ఉంది. కుళాయి నీటి క్రిమికి ఎవరిమీద ప్రయోగించడానికి ఈ ఆయుధం?

మరి లాభం లేనిది ఇన్ని చోట్లకు ఎలా చేరింది? జవాబు ఇంటీన్ కడుపులోనే ఉంది. చాలా ఇంటీన్లలో ఒక కత్తెర ఎంజైమ్ దాగి ఉంటుంది. గింబుల్, థోర్నర్ 1992లో ఈస్టు ఇంటీన్‌లో దాన్ని చూపారు. ఇంటీన్ లేని జన్యు ప్రతి ఎదురైతే అది సరిగ్గా ఇంటీన్ ఉండాల్సిన చోటే కోస్తుంది. కణం కంగారుగా మరమ్మతుకు దిగి, పక్కనున్న ఇంటీన్ గల ప్రతిని చూసి నకలు రాసుకుంటుంది. అలా నకలులోకి ఇంటీన్ కూడా వస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో మునియప్ప బృందం 2002లో క్షయ క్రిమి రెకా ఇంటీన్‌కూ, 2009లో కుష్ఠు క్రిమి ఇంటీన్‌కూ ఈ కోత సామర్థ్యం ఉందని చూపింది. ఆదివారం సభలో ఈ పేరు ఒక్కరి నోటా రాలేదట.

అయితే ఈ కత్తెరకు ఒక చిక్కుంది. గుంపులో అందరికీ ఇంటీన్ వచ్చేశాక కోయడానికి ఏమీ మిగలదు. వాడని కత్తెర తుప్పుపడుతుంది. మైకోబాక్టీరియం క్సెనోపీ గైరేజ్‌లోని ఇంటీన్ 198 అమైనో ఆమ్లాలకు కుదించుకుపోయింది. దానిలో కత్తెర లేదు, తెంపుకుని అతికించే పని మాత్రం మిగిలింది. ఆపైన ఎప్పుడో ఇంటీన్ మొత్తమే పోవచ్చు. ఖాళీ అయిన చోటికి మళ్ళీ బయటినుంచి కొత్తది చొరబడవచ్చు. ఈస్టు జాతుల్లోని ఒక ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ దశలోనే తెగిపోయే జన్యు ముక్క) మీద గొడార్డ్, బర్ట్ 1999లో చూపిన ఈ చక్రం ఈస్టు ఇంటీన్‌కూ వర్తిస్తుందని తర్వాత తేలింది.

కణానికి ముఖ్యమైన ప్రోటీన్లలోనే, వాటి కీలక స్థానాల్లోనే ఇంటీన్లు ఎందుకుంటాయన్నది ఉపన్యాసకుడి ప్రధాన ప్రశ్న. దానికీ ఈ చక్రంలోనే జవాబు ఉంది. అలాంటి చోట్ల జన్యువు రాత జాతినుంచి జాతికి పెద్దగా మారదు, కాబట్టి కత్తెరకు గుర్తు దొరుకుతుంది. పైగా అక్కడినుంచి ఇంటీన్‌ను ఊడదీయడం కష్టం, ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఆ ప్రోటీన్ పాడై కణం దెబ్బతింటుంది. తక్కువ కీలకమైన చోట చేరినవి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి. మనకు కనిపిస్తున్నవి మిగిలినవి.

దీన్ని పోషించడానికి కణం ఏమీ చెల్లించడం లేదా? మన చినగంజాం ఉప్పు కొఠారుల్లాంటి ఉప్పునీటిలో బతికే హాలోఫెరాక్స్ అనే సూక్ష్మజీవి మీద ఇజ్రాయెల్ బృందం 2016లో లెక్క తేల్చింది. డీఎన్‌ఏకు నకలు తీసే పాలిమరేజ్ ఎంజైమ్‌లో ఇంటీన్ ఉన్న కణాలనూ లేనివాటినీ పోటీకి పెడితే, ఉన్నవాటికి 7 శాతానికి పైగా నష్టం. సూక్ష్మజీవుల పోటీలో అది చిన్న సంఖ్య కాదు.

రెండో పక్షం మాటా చెప్పాలి. అమెరికాలో ఆల్బనీకి చెందిన మార్లీన్ బెల్ఫోర్ట్ బృందం గత పదిహేనేళ్ళలో ఇంకో చిత్రం చూపింది: కొన్ని ఇంటీన్లు పరిస్థితిని బట్టి తమ పని ఆపుకుంటాయి, లేదా జోరు పెంచుకుంటాయి. సముద్రం అడుగున వేడినీటి ఊటల్లో బతికే పైరోకాకస్ అనే సూక్ష్మజీవిలో, రెకాకు చుట్టమైన రాడా ప్రోటీన్‌కు ఒంటిపోగు డీఎన్‌ఏ తగిలితే ఇంటీన్ తెంపుకుని అతికించే పని జోరందుకుంటుంది. స్మెగ్మాటిస్‌లో డీఎన్‌ఏ పోగులను విడదీసే డీఎన్‌ఏబీ ప్రోటీన్‌లో, కణాన్ని దెబ్బతీసే ఆక్సీకరణ ఒత్తిడి వస్తే ఆ పని ఆగి, ఒత్తిడి తగ్గాక మళ్ళీ సాగుతుంది. వీటిని బట్టి ఇంటీన్‌ను ఒక మీటగా చూడవచ్చంటారు. ప్రయోగాలు గట్టివే. కానీ వాటిలో ఎక్కువ భాగం పరీక్షనాళికలో గానీ, ఇంటీన్‌ను తెచ్చి వేరే ప్రోటీన్‌లో పెట్టి గానీ చేసినవి. ఇంటీన్ తీసేస్తే ఆ క్రిమి తన సహజ వాతావరణంలో ఓడిపోతుందని చూపితే తప్ప, మీట వాదం బదనిక వాదాన్ని పక్కకు నెట్టలేదు. వచ్చి కూర్చున్న అతిథికి ఇంటివాళ్ళు తర్వాత ఏదో పని అప్పగించి ఉండవచ్చు, పిలిచింది మాత్రం వాళ్ళు కాదు.

ఈ వాదన పోస్టరు దగ్గరే ఆగితే ఇంత హడావుడి ఉండేది కాదు. ఉపన్యాసకుడు మందుల మాట ఎత్తారు. మనిషి జన్యువుల్లో ఇంటీన్లు లేవు కాబట్టి వాటిని అడ్డుకునే మందు క్షయకు పనికొస్తుందన్నారు. ఆలోచన సరైనదే. క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ క్షయ క్రిమి రెకా ఇంటీన్‌ను ఆపగలదని 2011లోనే తేలింది. కానీ ఈ ఆలోచనకు ఇంటీన్ ఆయుధం కానక్కర్లేదు. రెకా లేకపోయినా క్రిమి ఎలాగో బతుకుతుంది. డీఎన్‌ఏబీ, ఇనుము-గంధకం గుచ్ఛాలను కూర్చే సుఫ్‌బీ అనే ప్రోటీన్లు లేకపోతే బతకదు. క్షయ క్రిమిలో ఆ రెండింటిలోనూ ఇంటీన్లున్నాయి. అవి బయటికి రాకుండా బిగబట్టిస్తే చాలు, అసలు ప్రోటీన్ ఎందుకూ పనికిరాదు. బదనికను కొమ్మలోనే ఇరికించి చెట్టును చంపడం లాంటిది.

ఈ వ్యాసం పంపేముందు పోస్టరు గీసిన విద్యార్థినికి ఫోను చేశాను. ‘రహస్యాయుధం’ మీద తెల్ల కాగితం అంటించిందట. దాని మీద ఏం రాయాలో ఇంకా అనుకోలేదని చెప్పింది.