కొన్న ధర దగ్గరే ఆగిపోయే మనసు

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరు ఈ ఏడాదే ఉద్యోగాల్లో చేరుతున్నారు. జీతాన్ని ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్లకు కొదవ ఉండదు కాబట్టి ఆ పని వాళ్లకే వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డబ్బు లెక్కను మనసు ఎక్కడ మొదలుపెడుతుందన్న దాన్ని బట్టే మన నిర్ణయం చాలావరకు ఖాయమైపోతుంది.

ఒక కుటుంబం 60 లక్షలు పెట్టి ఫ్లాట్ కొన్నదనుకోండి. ఉద్యోగం వేరే ఊరికి మారింది. ఇప్పుడు 54 లక్షలకు మించి ఎవరూ ఇవ్వడం లేదు. "కొన్న ధరైనా రాకుండా ఎలా అమ్ముతాం?" అని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడతారు. ఫ్లాట్‌కు తాళం పడుతుంది. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, బ్యాంకు వాయిదా మాత్రం ఆగవు. రెండేళ్లు గడిచేసరికి ఆ ఆరు లక్షలు ఎటూ పోయే ఉంటాయి. కొనడానికి వచ్చినవాడికి మీరు ఎంత పెట్టి కొన్నారన్నది అక్కర్లేని సంగతి. మీకు మాత్రం ఆ అంకె గోడ మీద చెక్కినట్టు కనిపిస్తూనే ఉంటుంది.

ఇది మన ఇళ్లలో మాత్రమే ఉన్న గుణం కాదు. 1990లలో అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఫ్లాట్ల అమ్మకాలను డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ధర చెప్పారు. వాళ్లలో కొందరు కొంత ఎక్కువ రాబట్టుకున్నారు కూడా. కాని ఆ ఫ్లాట్లు అమ్ముడుపోవడానికి చాలాకాలం పట్టింది. వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ పెద్దదని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. అందుకే ఇల్లు అమ్మేటప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: "ఈ రోజు నా చేతిలో 54 లక్షలు ఉంటే ఈ ఫ్లాటే కొంటానా?" కొననని అనిపిస్తే అమ్మేయండి.

ఇంకో అలవాటు, డబ్బుకు అరలు కట్టడం. అమ్మాయి పెళ్లికని ఏడాదికి ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ ఉంటుంది. అదే ఇంట్లో క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడు శాతం వడ్డీ పోతూ ఉంటుంది. డిపాజిట్‌ను ముట్టుకోవడం పాపమనిపిస్తుంది. నిజానికి ఆ బాకీ మెల్లగా తినేది పెళ్లి డబ్బునే.

దానం సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొందరికి చిన్న పనికి ఐదు డాలర్లు ఇచ్చి, ఆ తర్వాత విరాళం అడిగారు. ఆఫ్రికాలో ఆకలితో ఉన్న లక్షలమంది లెక్కలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చదివినవాళ్లు 2.38 డాలర్లు ఇచ్చారు. పాపనూ లెక్కలనూ కలిపి చూపిస్తే అది 1.43కు పడిపోయింది. ఒక్క ముఖం దగ్గర మొదలైన జాలి, అంకెలు రాగానే చల్లబడింది.

మనసుకు ఇలాంటి పక్షపాతం ఉందని ముందే వివరించి కూడా ఆ పరిశోధకులు విరాళం అడిగారు. పాపకు ఇచ్చేది తగ్గింది, లక్షలమందికి ఇచ్చేది మాత్రం పెరగలేదు. అందువల్ల జాలిని అణచుకోమని మీకు చెప్పను. అరలు కట్టే అలవాటునే ఇక్కడ వాడుకోండి. ఏడాది మొదట్లోనే దానానికి ఇంతని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుని వేరే ఖాతాలో వేయండి. అందులో ఎక్కువ భాగం మీరు ఎన్నడూ చూడబోని పిల్లల టీకాలకో మంచినీళ్లకో పంపండి. మిగిలింది మీ గుమ్మం ముందుకు వచ్చినవాళ్లకు ఉంచండి. వాళ్లకు ఇచ్చేటప్పుడు లెక్కలు వేయకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య