డ్రా అయిన గేమ్‌ని బ్యాగులో దాచేయకండి: అపోహలు - వాస్తవాలు

రాయగడలో పిల్లలకు చెస్ నేర్పుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బోర్డు దగ్గర రెండూ కలిపి మాట్లాడే పిల్లలు. బరంపురమో విశాఖపట్నమో టోర్నమెంట్‌కి వెళ్లొస్తే గెలిచిన గేమ్ అడక్కముందే చూపిస్తారు, ఓడింది అడిగితే చూపిస్తారు, డ్రా అయిన స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మాత్రం బ్యాగులోంచి బయటికే రాదు. నేను ముందు అడిగేది అదే.

అపోహ: డ్రాలో ఏముంటుంది మాస్టారూ, ఏమీ జరగలేదు కదా?

వాస్తవం: ఓడిన గేమ్‌లో చాలాసార్లు ముప్ఫయ్యో ఎత్తుకి ఏనుగును ఊరికే ఇచ్చేసి ఉంటారు, ఇక ఆ బాధే తప్ప ఓపెనింగ్ (మొదటి ఎత్తులు) ఎలా ఆడారో ఎవరికీ గుర్తుండదు. పెద్ద తప్పు లేకుండా సాగిన డ్రాలో అయితే మొదటి పది ఎత్తుల ప్రభావం చివరిదాకా కనిపిస్తుంది.

మొన్న మా క్లాసు అమ్మాయి ఒకామె నల్ల పావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడింది (ఈ4, డీ5 లాంటివి బోర్డు మీద గడుల పేర్లు). ఈ4 ఈ6, డీ4 డీ5, అవతలివాళ్లు వెంటనే డీ5లో బంట్లు మార్చేసుకున్నారు. అక్కడి నుంచి వాళ్లు గుర్రం ఎఫ్3కి తెస్తే ఈమె ఎఫ్6కి, వాళ్లు శకటు (బిషప్) డీ3కి తెస్తే ఈమె డీ6కి, వాళ్లు కాస్లింగ్ చేస్తే (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రం చేస్తే) ఈమె కూడా, వాళ్లు జీ5లో శకటు పెట్టి గుర్రాన్ని కట్టేస్తే (కదిలితే వెనకున్న మంత్రి పోయేలా చేస్తే) ఈమె జీ4లో అదే పని. బంట్లు లేకుండా తెరిచి ఉన్న నిలువు వరస ఈ-ఫైల్ ఒక్కటే కాబట్టి ఏనుగులన్నీ అక్కడే ఒకదాన్నొకటి కొట్టుకుని పోయాయి. "ఇలా బంట్లు మార్చే ఎక్స్ఛేంజ్ ఆడితే అంతే, డ్రానే" అంది.

అలా ఏం లేదు. రాజు వైపు గుర్రాన్ని ఈ7కి పంపితే జీ5 శకటుకి అంత పని ఉండదు, మన శకటుకి ఎఫ్5 దొరుకుతుంది. రెండో గుర్రం సీ6కి, మంత్రి డీ7కి వెళ్తే మంత్రి వైపు కాస్లింగ్ కూడా చేయొచ్చు, రాజులు చెరోవైపు ఉంటే అదే బంట్ల అమరికలో గట్టి పోరాటం నడుస్తుంది.

అపోహ: ఇంజిన్ (ఆటను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) 0.00, అంటే సమానం, అని చూపించింది, ఇక చూసేదేముంది.

వాస్తవం: ఆ సున్నా ఇద్దరూ సరిగ్గా ఆడితే వచ్చేది. ఒక్కోసారి ఒకరికి ఏ ఎత్తైనా సరిపోతుంది, రెండోవారికి ఒకే ఒక్క ఎత్తు ఉంటుంది, అయినా సున్నానే. ఇంజిన్ తెరవకముందు ఎవరి ఆట కష్టంగా ఉందో మీరే రాసుకోండి.

అపోహ: గొప్ప ఆటగాళ్ల డ్రాలు బోర్.

వాస్తవం: 2000లో లండన్‌లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో ఛాంపియన్ కాస్పరోవ్ మీద క్రామ్నిక్ నల్ల పావులతో బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడిన నాలుగు గేమ్‌లూ డ్రానే. మంత్రులు ఎనిమిదో ఎత్తుకే మారిపోతాయి, నల్లరాజుకి కాస్లింగ్ ఉండదు, అయినా ఆ గోడను కాస్పరోవ్ బద్దలు కొట్టలేకపోయాడు. మ్యాచ్ మొత్తంలో ఆయన ఒక్క గేమూ గెలవలేదు, క్రామ్నిక్ 8.5-6.5తో టైటిల్ తీసుకున్నాడు. ఆ డ్రాల తర్వాతే బెర్లిన్ పెద్ద టోర్నమెంట్లలో మామూలు ఓపెనింగ్ అయింది.

అపోహ: ఓపెనింగ్ బాగుపడాలంటే ఇంకో పది ఎత్తులు బట్టీ పట్టాలి.

వాస్తవం: స్కోర్‌షీట్‌లో ఎత్తు పక్కన గడియారం టైమ్ కూడా రాయండి. టైమ్ ఎక్కడ ఒక్కసారిగా కరిగిందో, మీకు తెలిసిన ఓపెనింగ్ అక్కడితో ఆగిపోయినట్టు. ఆ అమ్మాయి నాలుగో ఎత్తుకే పదకొండు నిమిషాలు తీసుకుంది. బంట్లు మారాక ఏం చేయాలో తెలియకే తెల్ల పావులవాళ్లని అనుసరించింది. ఈ ఆదివారం ఆ పొజిషన్ నుంచే మొదలుపెడతాం, ఒకసారి తెల్ల వైపు, ఒకసారి నల్ల వైపు కూర్చుని.