స్పంజిక ముందా, దువ్వెన జెల్లీ ముందా: 2008 నుంచి రగులుతున్న తగవు

జంతువుల వంశవృక్షంలో మొట్టమొదట విడిపోయిన కొమ్మ ఏది? స్పంజికలా, దువ్వెన జెల్లీలని పిలిచే టీనోఫోరాలా? ఈ తగవు మళ్లీ రాజుకుంది. పైకి రెండు సముద్రజీవుల మధ్య పోటీలా కనిపిస్తున్నా, అసలు ప్రశ్న వేరు. దేహ నిర్మాణాన్ని చూసి చుట్టరికం చెప్పవచ్చా?

జీవులను వర్గీకరించిన పాతతరం శాస్త్రవేత్తలు లిన్నేయస్, కువియేల కథ అందరికీ తెలిసిందే. వారి తర్వాత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మెట్ల వరుస ఒక్కటి గుర్తుంటే చాలు. నిజమైన కణజాలాలు లేని స్పంజికలు అట్టడుగున, రెండు పొరల జెల్లీచేపలు ఆ పైన ఉంటాయి. తర్వాత శరీర కుహరం, అంటే పేగుకూ ఒంటి గోడకూ మధ్య ఖాళీ, లేని బద్దెపురుగులు, మిథ్యాకుహరం ఉన్న ఏలికపాములు, నిజకుహరం ఉన్న వానపాములు, కీటకాలు వస్తాయి. దేహం ఖండాలుగా ఉంటుంది కనుక వానపాము, కీటకం దగ్గరి బంధువులని కువియే నాటి నుంచీ నమ్మకం.

ఆ నమ్మకాన్ని కదిపింది 1997లో 'నేచర్'లో అగినాల్డో బృందం ప్రచురించిన వ్యాసం. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు చెందిన 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును వారు పోల్చి చూశారు. అంతకుముందు ఇలాంటి పోలికల్లో ఏలికపాముల జాతి అయిన నెమటోడాలు వృక్షం మొదటికి జారిపోయేవి. ఆ జన్యువు వాటిలో చాలా వేగంగా మారడమే దానికి కారణం. అలా మారిన జీవులను లెక్కలు బంధుత్వంతో పని లేకుండా దూరపు కొమ్మల దగ్గరికి లాగుతాయి. అందుకే ఈ బృందం నెమటోడాల్లో ఆ జన్యువు నెమ్మదిగా మారిన ట్రైకినెల్లా అనే పరాన్నజీవిని ఎంచుకుంది. దాంతో నెమటోడాలు వెళ్లి కీటకాల పక్కన చేరాయి. పై తొడుగును కుబుసంలా విడిచే జీవులన్నీ ఎక్డైసోజోవా అనే ఒక్క గుంపయ్యాయి. వానపాము నత్తల వైపు వెళ్లిపోయింది. ఖండాలు, కుహరం ఇక చుట్టరికానికి సాక్ష్యం కాలేకపోయాయి. పాత వరుసే సరైనదని కొన్నేళ్లు వాదన నడిచింది కానీ నిలబడలేదు.

స్పంజికలు, టీనోఫోరాల నేటి తగవులో రెండు పక్షాలూ వాడుతున్నది 1997 నాటి పాఠాన్నే: దేహ నిర్మాణం మోసగించవచ్చు, వేగంగా మారే జన్యువులూ మోసగించవచ్చు.

2008లో డన్ బృందం 77 రకాల జీవుల్లో 150 జన్యువులను పోల్చి, టీనోఫోరాలే ముందు విడిపోయాయని చెప్పింది. ఈ జీవి ఒంటిపై ఎనిమిది వరుసల్లో శైలికలు, అంటే వెంట్రుకల వంటి సన్నని పోగులు, దువ్వెన పళ్లలా కదులుతాయి. కండరాలు, నాడులు, ఎర అతుక్కునే జిగురు కణాలు కూడా దీనికి ఉన్నాయి. ఇవేవీ లేని స్పంజిక కంటే ఇది ముందు విడిపోయిందంటే ఒప్పుకోవడం కష్టమే. టీనోఫోరా జన్యువులు వేగంగా మారాయనీ, అందువల్లే లెక్క తప్పిందనీ స్పంజికల పక్షం అంటోంది. 2017లో రెండు బృందాలు మరింత సూక్ష్మమైన లెక్కల నమూనాలు వాడి స్పంజికలనే మొదట నిలిపాయి.

2023లో 'నేచర్'లో షుల్ట్జ్ బృందం జన్యువుల్లోని డీఎన్‌ఏ అక్షరాల పోలికను పక్కనబెట్టి, ఏ జన్యువులు ఒకే క్రోమోజోమ్‌పై ఉన్నాయో చూసింది. రెండు క్రోమోజోముల జన్యువులు పాలూ నీళ్లలా కలిశాక మళ్లీ పాత గుంపులుగా విడిపోవడం దాదాపు అసాధ్యం. అలాంటి కలయికలు స్పంజికల్లోనూ, జెల్లీచేపల వంటి మిగతా జంతువుల్లోనూ ఉన్నాయి. టీనోఫోరాల్లో, జంతువుల ఏకకణ బంధువుల్లో లేవు. అంటే ఆ కలయికలు జరగకముందే టీనోఫోరాలు విడిపోయాయన్నమాట. జన్యువు వేగంగా మారిందన్న అభ్యంతరం ఈ సాక్ష్యాన్ని అంతగా తాకదు. స్పంజికల పక్షం నుంచి వచ్చిన జవాబుల్లో దీనికి దీటైనది నాకు కనిపించలేదు.

అదే ఏడాది 'సైన్స్'లో మరో సంగతి బయటపడింది. టీనోఫోరా పిల్లజీవి నాడీ వలలో కొంతమేర కణాల మధ్య సినాప్స్‌లు, అంటే నాడీకణాలు సంకేతాలు అందించుకునే సంధులు, లేవు, వాటి పొరలు ఏకంగా కలిసిపోయి ఉన్నాయి. నాడులు జంతువుల్లో రెండుసార్లు విడివిడిగా పుట్టాయనేవారికి ఇది బలం. కాదు, ఒక్కసారే పుట్టి స్పంజికల్లో పోయాయనేవారూ ఉన్నారు.