లెక్కలో పడవ ఉంది, కళాసీ లేడు

పూర్తిగా పోయిన పడవకు 15,000 రూపాయలు. కొంత దెబ్బతింటే మరమ్మతుకు 6,000. వల మొత్తం పోతే 4,000, చిరిగితే 3,000. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల్లో వేటకు సంబంధించిన రేట్లు ఇవి. అంతకుముందు 2015-20లో పడవకు 9,600, వలకు 2,600 ఉండేవి. గోదావరి తీరంలోని భైరవపాలెంలోనో ఓడలరేవులోనో ఇంజనుతో సహా ఒక ఫైబర్ బోటు కొనాలంటే లక్షల్లో మాట. అందుకే తుపాను వచ్చిన ప్రతిసారీ ‘ఇచ్చింది ఏ మూలకీ రాలేదు’ అంటారు. నిజమే. కానీ రేటు కంటే పాత చిక్కు ఇంకొకటుంది. ఆ పట్టికలో అసలు ఎవరున్నారు? బోటు మీద పనిచేసే కళాసీ ఉన్నాడా?

ఈ తీరానికి తుపాను కొత్త కాదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కాకినాడ దగ్గరి కోరంగి రేవును తుడిచిపెట్టింది. ఆ తర్వాత కోరంగి రేవుగా మునుపటిలా కోలుకోలేదు. అప్పట్లో సాయం అంటే సర్కారు దయ, దాతల చలవ. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం కరువు, వరద, తుపాను ఏదొచ్చినా రాష్ట్రం ఢిల్లీకి లేఖ రాయడం, కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్ళడం, ఆ తర్వాత ఎంతిస్తే అంత పుచ్చుకోవడమే. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య నిధుల పంపకం సూచించే ఆర్థిక సంఘాల్లో తొమ్మిదోదాని సిఫారసుతో 1990లో ప్రతి రాష్ట్రానికీ విపత్తు సహాయ నిధి అని విడిగా ఒకటి వచ్చింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం చేశారు. 2010 నుంచి అదే నిధి రాష్ట్ర విపత్తు స్పందన నిధి (ఎస్‌డీఆర్‌ఎఫ్) అయింది. ఆంధ్రప్రదేశ్‌కు ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. డబ్బుకు ఒక దారి ఏర్పడింది, సంతోషమే. అయితే ఆ దారిలో వెళ్ళాలంటే ప్రతి నష్టానికీ పట్టికలో ఒక పేరుండాలి. వేటకు సంబంధించి పేరున్నవి పడవ, వల. అంతే.

మధ్యలో 1996 వచ్చింది. నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. చాలామంది శవాలు కూడా దొరకలేదు. మనిషి కనిపించకుండా పోతే ఏడేళ్ళు గడిస్తే గానీ చనిపోయినట్టు భావించదు మన సాక్ష్యాల చట్టం. ఒడ్డున ఉన్న భార్యకు భర్త పోయాడని తెలుసు, ఊరందరికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. అలాంటి ఇళ్ళకు పరిహారం ఇవ్వాలంటే ప్రభుత్వం మామూలు నిబంధనను పక్కన పెట్టి ప్రత్యేకంగా పూనుకోవాలి. సముద్రంలో జరిగే నష్టానికి ఒడ్డు మీద రుజువు అడగడం అనే సమస్య ఎంత పెద్దదో గోదావరి జిల్లాలకు అప్పుడే అర్థమైంది.

రుజువు అడగడం వల దగ్గర కూడా అదే తీరు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వరద వదిలాక నది ముఖద్వారం దాకా దుంగలు, గుర్రపుడెక్క కొట్టుకొస్తాయి. నీళ్ళలో ఉన్న వల ఒక దుంగకు చిక్కిందంటే, తాడు కోసుకుని బోటును కాపాడుకోవడమే దిక్కు. గంటలో వల అల్లిన కష్టమంతా నీటిపాలు. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు చిరిగిన వల ఫోటో అడుగుతారు. వల సముద్రం అడుగున ఉంటే ఫోటో ఎక్కడి నుంచి తేవాలి? బోటుకు రిజిస్ట్రేషన్ లేకపోయినా, పేరు ఒకరిది, నడిపేది మరొకరు అయినా ఇంకో టెన్షన్.

ఇవన్నీ పడవ ఉన్నవాళ్ళ కష్టాలు. బోటులో పనిచేసే కళాసీ సంగతి ఇంతకంటే ఘోరం. వేట ముగిశాక డీజిల్, ఐసు, తిండి ఖర్చులు పోగా మిగిలినదాంట్లో వాటా, అదే అతని ఆదాయం. అల్పపీడనం అనగానే హెచ్చరిక వస్తుంది, బోట్లన్నీ కాకినాడ హార్బరుకో కోరంగి మడ అడవుల కాలవల్లోకో చేరతాయి. వారం పది రోజులు వాటా లేదు. పడవ దెబ్బతింటే మరమ్మతు అయ్యేదాకా ఇంకా లేదు. పడవ యజమానికి వచ్చే 6,000లో అతనికి హక్కు లేదు. రేవులో వేలం పాడి, తట్టలో చేప ఎత్తుకుని ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళకు, ఎండుచేపలు ఆరబెట్టేవాళ్ళకు, మడ అడవుల్లో పీతలు పట్టేవాళ్ళకు పట్టికలోని వేట భాగంలో గడే లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మత్స్యకార కుటుంబాలకు 50 కిలోల బియ్యం ప్రకటించారు. ఆకలి తీరడానికి అది మంచిదే. పోయిన పనికి మాత్రం అది బదులు కాదు.

కళాసీని లెక్కపెట్టడం అసాధ్యం అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే ఇదే ప్రభుత్వం అతన్ని ఏటా లెక్కపెడుతోంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకారులకిచ్చే భృతి 2019లో 10,000 అయింది, 2025లో 20,000కు పెరిగింది. దాని కోసం మత్స్యశాఖవాళ్ళు రేవులకు వచ్చి ఏ బోటు మీద ఎవరెవరు పనిచేస్తున్నారో రాసుకుంటారు. ఆ జాబితా తుపాను రోజున కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

వేట లేని రోజు విలువ ఎంత అన్నది కూడా ఇక్కడే తేలింది. 2022 మేలో ఐ.పోలవరం మండలం మురమళ్ళలో, చమురు, గ్యాస్ తీసే ఓఎన్‌జీసీ కంపెనీ పైపులైను పనుల వల్ల నష్టపోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలలకు 46,000 ఇచ్చారు. మొత్తం దాదాపు 108 కోట్లు. అక్కడ లెక్క కట్టింది విరిగిన పడవలకు కాదు, వేట పోయిన నెలలకు. కంపెనీ ఆపిన వేటకు ఇలా విలువ కట్టగలిగినప్పుడు, తుపాను ఆపిన వేటకు కట్టలేమనడానికి కారణం కనిపించదు.

ఈ రేట్ల కాలం 2025-26తో సరి. ఆ తర్వాతి ఐదేళ్ళు పదహారో ఆర్థిక సంఘం పరిధిలోకి వస్తాయి. కొత్త పట్టిక కోసం రాష్ట్రం ఢిల్లీకి రాసేటప్పుడు అడగాల్సినవి రెండు: పడవ ధరకు దగ్గరగా ఉండే రేటు, నిషేధ భృతి జాబితాలో ఉన్న ప్రతి కళాసీకీ హెచ్చరిక రోజుల కూలి. చేపలమ్మే ఆడవాళ్ళు మాత్రం ఆ భృతి జాబితాలో లేరు. వాళ్ళ జాబితా కోసం ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు, గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకులు రేవు దగ్గర నాలుగు ఉదయాలు కూర్చుంటే ఆ పేర్లు దొరుకుతాయి.